ఒకటో తరగతిలో నా జత

మా బడిలో ఒకటో తరగతి గదికి అడ్డంగా ఒక తాడు కట్టి ఉంటుంది. కిటికీ ఊచ నుంచి ఎదుటి గోడ మేకు వరకు నైలాను తాడు, దాని మీద బట్టల క్లిప్పులు, క్లిప్పుకొక కాగితం. ప్రతి శుక్రవారం సాయంత్రం పాత కాగితాలు తీసి కొత్తవి తగిలించడం నా పని. నేను ఆ బడి ఆయమ్మను. గదులు ఊడుస్తాను, తాగే నీళ్లు నింపుతాను, చిన్నపిల్లలు బట్టలు తడుపుకుంటే మారుస్తాను, మధ్యాహ్నం అన్నం వడ్డిస్తాను. బన్సీలాల్‌పేటలో మా గల్లీ నుంచి బడికి నడిస్తే పది నిమిషాలు. పద్దెనిమిదేళ్లుగా నడుస్తున్నాను.

ఆ కాగితాలకు ఒక పద్ధతి ఉంది. ఒకటో తరగతి టీచరమ్మ కృష్ణా జిల్లా వైపు మనిషి. వాళ్లమ్మ కూడా చర్చి బడిలో టీచరుగా చేసిందట. పద్ధతి ఆమె నుంచే వచ్చిందని చెప్పేవారు. పిల్లలను ఇద్దరిద్దరిగా కూర్చోబెడతారు. ఇద్దరిలో ఒకరికి కాస్త వచ్చి ఉండాలి, రెండోవాళ్లకు రాకూడదు. వచ్చినవాళ్లు రానివాళ్లకు నేర్పాలి. కాగితానికి ముందు వైపు నేర్పినవాళ్ల రాత, వెనక వైపు నేర్చుకున్నవాళ్ల రాత. మార్కు వేసేది వెనక వైపుకే. ముందు వైపు ఎంత ముత్యాల్లా రాసినా దానికి ఏమీ లేదు.

ఏడాది చివర తల్లిదండ్రులను పిలిచిన రోజున, నేర్చుకున్నవాళ్లు అందరి ముందు నిలబడి ఐదు వాక్యాలు చదవాలి. చదివితే బిళ్ల వాళ్లకు కాదు, వాళ్లకు నేర్పిన పిల్లకు పెడతారు. అట్టముక్కను గుండ్రంగా కత్తిరించి, బంగారు రంగు కాగితం అంటించి, మీద ‘చిట్టి టీచరు’ అని, కింద పిల్ల పేరు రాసి, పిన్నీసుతో గుచ్చుతారు. ఆ బిళ్ల కోసం పిల్లలు పడే ఆరాటం అంతా ఇంతా కాదు. బిళ్ల వచ్చినవాళ్లు నెల రోజులు దాన్ని తీయరు. ఉతుకులో నానిపోతే కొత్తది చేసిమ్మని ఏడుస్తారు.

నాకు చదువు రాదు. ఆ సంగతి ఎవరికీ తెలియదనే అనుకునేదాన్ని. పెళ్లి మాటలప్పుడు మా మేనమామ, పిల్ల ఐదో తరగతి చదివిందని చెప్పాడు. మా ఆయన అక్క ఏడు చదివింది. ఆమె నన్ను పక్కకు పిలిచి, నిజమేనా అని అడిగింది. నేను తల ఊపాను. ఆ తల ఊపు ముప్పై ఏళ్లు నిలబడింది. ఎవరైనా కాగితం చేతికిస్తే కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయానంటాను. పెళ్లి కార్డు వస్తే మా ఆయన వచ్చేదాకా టీవీ పక్కన పెట్టి ఊరుకుంటాను. సంతకం మాత్రం బొమ్మ గీసినట్టు గీయడం నేర్చుకున్నాను. బస్సులు అంకెలను బట్టి ఎక్కుతాను. పలకలు, పుస్తకాలు, బోర్డులు ఉన్న చోట అన్నేళ్లు తిరిగి, వాటి దుమ్ము దులిపానే తప్ప ఒక్కటీ చదవలేదు.

ఆ ఏడు ఒకటో తరగతిలో ఇరవై ముగ్గురు పిల్లలు. జతలు కట్టగా ఒక పిల్ల మిగిలింది. ఏడేళ్ల పిల్ల, ఒకటో తరగతి రెండోసారి చదువుతోంది. తండ్రికి మారేడ్‌పల్లిలో ఇస్త్రీ బండి, తల్లి అక్కడే నాలుగిళ్లలో పని చేస్తుంది. పోయినేడు ఆ పిల్ల నేర్చుకునే వైపు కూర్చుని, తల్లిదండ్రుల రోజున మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది. ఆమెకు నేర్పిన పిల్లకు బిళ్ల రాలేదు. పిల్లలు అలాంటివి మరిచిపోరు. వాళ్ల అక్కలూ చెల్లెళ్లూ కూడా మరిచిపోరు. ఆ పిల్ల పక్కన కూర్చుంటే బిళ్ల రాదని బడంతా పాకింది. ఈసారి కొత్తగా చేరిన పిల్లలు కూడా తమ సంచి ఎత్తుకుని వేరే బల్లకు పోయారు.

టీచరమ్మ నన్ను వరండాలోకి పిలిచారు.

“ఆయమ్మా, అన్నాలయ్యాక రోజూ ఒక అరగంట ఆ పిల్ల పక్కన కూర్చోండి. దాని చేత నేర్పించుకోండి. మీకు వచ్చనుకోండి, రానట్టు కూర్చోవాలి. నేర్పడంలో పడితే దాని చదువు అదే వస్తుంది.”

సరేనన్నాను. అప్పటిదాకా వచ్చినట్టు నటించిన నన్ను, రానట్టు నటించమని అడిగినవారు ఆమె ఒక్కరే.

టీచరమ్మ తరగతిలో కూడా చెప్పారు, ఈ ఏడు ఆయమ్మ మనతో కలిసి ఆడుతుంది, చదువు రానట్టు ఉంటుంది, ఎవరూ నవ్వకూడదని. పిల్లలు అప్పుడే నవ్వేశారు. ఆ పిల్ల నవ్వలేదు. తన బల్ల మీద సగం చోటు చేతితో తుడిచి నాకు చూపించింది.

నాలుగైదు రోజులు పలక మీద అక్షరాలు రాసింది, నేను దిద్దాను. ఒకరోజు పలక మీద ఏదో రాసి నా ముందు పెట్టి, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. నేను మెచ్చుకుంటున్నట్టు తల ఊపి, చాలా బాగా రాశావన్నాను. మోచేత్తో చెరిపేసి నా చెవి దగ్గరికి వంగింది.

“నీకు నిజంగనే రాదు.”

ఆ పలక మీద ‘ఆయమ్మ కోతి’ అని రాసిందట.

నేను చుట్టూ చూశాను. ఎవరూ వినలేదు. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. చెప్పనంది, కానీ ఒక షరతు పెట్టింది. “రేపటికెల్లి దొంగ నేర్చుకునుడు వద్దు. నిజంగ నేర్చుకో. అద్దాలు సుత తెచ్చుకో.”

అలా యాభై ఒకటో ఏట నా చదువు మొదలైంది. టీచరమ్మ ముందు రానట్టు నటిస్తున్నదాన్ని, బల్ల మీద నిజంగానే రానిదాన్ని. ఆ రెండింటి మధ్య తేడా తెలిసింది ఏడేళ్ల పిల్లకు ఒక్కదానికే.

బాగా వచ్చిన పిల్లలు నేర్పడం నేను రోజూ చూసేదాన్ని. వాళ్లు తొందరపడతారు, జత చేతిలోంచి బలపం లాక్కుని వాళ్లే రాసేస్తారు. ఈ పిల్ల అలా చేయలేదు. తనకు ఎక్కడ కష్టమైందో గుర్తుంది కాబట్టి నాకు ఎక్కడ కష్టమవుతుందో ముందే తెలిసేది. ‘వు’, ‘మ’ నాకు ఎంతకూ ఒకేలా కనిపించేవి. తనకూ పోయినేడంతా అలాగే కనిపించాయట. వరండా తుడిచేటప్పుడు తడినేల మీద వేలితో రాయమంది. ఒకటి ఆరేలోపు రెండోది రాయాలి. నేను వంగి రాస్తుంటే పక్కన నిలబడి చూసేది. తప్పు రాస్తే ఏమీ అనదు, పాదంతో దాన్ని తుడిచేసి, సరేనన్నట్టు తల ఆడిస్తుంది. మరీ విసుగు వస్తే మాత్రం, “నిన్న చెప్పింది ఇయ్యాల మరుస్తవ్. నీ దిమాక్ ఏడుంటది ఆయమ్మా” అనేది. అచ్చం టీచరమ్మలా నడుం మీద చెయ్యి పెట్టుకుని. సరిగ్గా రాసిన రోజున ఎర్ర క్రేయానుతో నా నోటుబుక్కులో చుక్క గీసేది. ఐదు మొనలూ ఐదు రకాలుగా ఉండేవి.

నాకు మరునాడు చెప్పాల్సింది తను ముందు రోజే నేర్చుకోవాలి. దాంతో ఆ పిల్ల సాయంత్రాలు తండ్రి బండి దగ్గర, ఇస్త్రీ బట్టల దొంతరల పక్కన కూర్చుని వాచకం చదివేదట. దసరా సెలవులు అయ్యేసరికి గుణింతాలు తడుముకోవడం లేదు. క్రిస్మస్‌కు పాఠం మొత్తం ఆగకుండా చదివింది. టీచరమ్మ తరగతి చేత చప్పట్లు కొట్టించారు. ఆ పిల్ల చప్పట్లు పట్టించుకోలేదు. అవి ముందు వైపు రాతకు వచ్చిన చప్పట్లని ఆమెకు తెలుసు.

శుక్రవారం కాగితాలు తగిలించేటప్పుడు మాది తాడు చివర, గోడకు దగ్గరగా పెట్టేదాన్ని. ఆమె రాత గదికి, నా రాత గోడకు.

తల్లిదండ్రుల రోజు దగ్గరపడింది. నేను చదవాల్సిన ఐదు వాక్యాలు ఆ పిల్లే కూర్చింది. ఇది మా బడి. బడిలో తాడు ఉంది. తాడు మీద నా కాగితం ఉంది. కాగితం మీద నా పేరు ఉంది. నా పేరు నేను రాశాను. ఒత్తులు ఉన్న మాటలు నాకు రావని ఏరి పారేసింది. రోజుకు ఇరవై సార్లు చదివించింది. నిద్రలో లేపినా చెప్పగలిగేదాన్ని, కానీ చెప్పడం వద్దంది. వేలు పెట్టి ఒక్కో అక్షరం చూస్తూ చదవాలి, కళ్లు మూసుకుని అప్పగిస్తే చదివినట్టు కాదంది. తన తల్లి వస్తుందని చెప్పింది. రెండిళ్లలో ఆ పూట రానని ముందే చెప్పి పెట్టుకుందట. పోయినేడు తను ఆగిపోయినప్పుడు కూడా తల్లి ఇక్కడే ఉంది.

ఆ రోజు పొద్దున్నే కుర్చీలు వేశాను. ఆడవాళ్లు ఎక్కువగా వచ్చారు, సగం మంది మా గల్లీ వాళ్లే. ఆ పిల్ల తల్లి తలలో పూలు పెట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. కాసేపటికి మా ఆయన అక్క వచ్చింది. ఆమె మనవరాలు అదే తరగతిలో ఉంది. ఇంట్లో ఆ చిన్నపిల్ల నా ఆట సంగతి చెప్పే ఉంటుంది. కుర్చీలో కూర్చోకముందే అందరికీ వినపడేలా అంది.

“ఏందే, ఒకటో క్లాసు చదువుతున్నవంట? ఐదు చదివినామెకు మల్ల ఒకటేందే?”

ఆడవాళ్లు నవ్వారు. మామూలు హాస్యమే. ఇంకో రోజైతే నేనూ ఒక మాట అనేదాన్ని. కానీ ఆమె నవ్వుతూ నా మొహంలోకి చూస్తుంటే, ముప్పై ఏళ్ల కిందట పక్కకు పిలిచి అడిగిన మొహమే కనిపించింది. నిలబడి, వేలు పెట్టి, ఒక్కో అక్షరం చూస్తూ చదివితే ఆమెకు తెలిసిపోతుంది. అది ఆట కాదని గదిలో అందరికీ తెలిసిపోతుంది.

“గదంత పోరగాండ్ల ఆట వదినె. నాకు నీళ్లు నింపే పనుంది” అన్నాను. స్టీలు జగ్గు పట్టుకుని బయటికి వచ్చేశాను. ఆ పిల్ల తాడు మీది మా కాగితం తీస్తూ అక్కడే ఉంది. నేనన్నది విన్నది.

తలుపు పక్కన నీళ్ల డ్రమ్ము కుళాయి దగ్గర నిలబడ్డాను. ఒక్కో జతనూ పిలుస్తున్నారు, చదువుతున్నారు, చప్పట్లు. అందరికంటే చివర ఆ పిల్ల పేరు పిలిచారు. తలుపు సందులోంచి చూశాను. కొత్త రిబ్బన్లు కట్టుకుని, కాగితం రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. టీచరమ్మ బిళ్లా పిన్నీసూ చేతిలో పట్టుకుని, నీ జత ఏదమ్మా అని అడిగారు.

ఆ పిల్ల తలుపు వైపు చూసింది. నన్ను చూసింది. మా ఇద్దరి మధ్య పది అడుగులు కూడా లేవు. నా చేతిలో జగ్గు నిండి, నీళ్లు పాదాల మీద పడుతున్నాయి. నేను కదలలేదు.

“నా జత ఇయ్యాల రాలేదు టీచర్.”

టీచరమ్మ ఆశ్చర్యపోయారు. ఆయమ్మ ఇందాకే కుర్చీలు వేసిందిగా, పిలుస్తానుండమని తలుపు వైపు రెండడుగులు వేశారు. ఆ పిల్ల ఆమె చీర కొంగు పట్టుకుంది.

“వద్దు టీచర్. రాలేదు.”

కాగితాన్ని నా రాత లోపలికి వచ్చేలా నాలుగు మడతలు పెట్టింది. వెనక ఎవరో నవ్వారు. తల్లి లేచి, పోయినేడు గట్ల, ఈయేడు గిట్ల, నీ కోసం రెండిండ్లు ఇడిసిపెట్టి వచ్చిన అంటూ చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. వాళ్లు నా పక్కనుంచే వెళ్లారు. ఆ పిల్ల తల ఎత్తలేదు. ఆ సాయంత్రం గది ఊడుస్తుంటే ఆమె బల్ల కింద ఆ మడతల కాగితం దొరికితే దాచుకున్నాను.

సోమవారం టీచరమ్మ దగ్గరికి వెళ్లాను. కళ్లు తిరిగాయని నేనే చెప్పుకున్నాను. అయితే ఇప్పుడు తరగతిలో చదివించి బిళ్ల పెడదామని ఆమె ఆ పిల్లను పిలిచారు. ఆ పిల్ల, “ఇప్పుడు మా అమ్మ లేదు గద టీచర్” అంది. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

నాకు నేర్పడం మానేస్తుందనుకున్నాను. మానలేదు. అన్నాలయ్యాక బల్ల మీద సగం చోటు తుడిచి కూర్చునేది. ఒత్తులన్నీ వేసవి సెలవుల లోపలే నేర్పింది. తప్పు రాస్తే చెరిపేది, తల ఆడించేది. ఎర్ర చుక్క మాత్రం మళ్లీ గీయలేదు. క్షమించమని అడుగుదామని రోజూ అనుకునేదాన్ని. యాభై ఏళ్లు దాటిన మనిషి ఏడేళ్ల పిల్లను ఏ మాటలతో అడగాలో నాకు తోచలేదు. సెలవులు వచ్చేశాయి.

జూన్‌లో ఆ పిల్ల రాలేదు. తండ్రికి నేరేడ్‌మెట్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని, ఉండటానికి గది దొరికాయని, పిల్లను అక్కడే ఇంగ్లీషు మీడియంలో వేశారని విన్నాను.

నేను చదువు ఆపలేదు. ఎవరూ లేకపోయినా అన్నాలయ్యాక ఆ బల్ల దగ్గరే కూర్చునేదాన్ని. ఒకటో తరగతి వాచకం అయింది, రెండోది పట్టాను. ఆ మరుసటి ఏడు ఒకరోజు నేను టీచరమ్మ బీరువా సర్దుతుంటే సుద్దముక్కల డబ్బాలో బంగారు రంగు బిళ్ల కనిపించింది. ‘చిట్టి టీచరు’, దాని కింద ఆ పిల్ల పేరు. ఎవరూ చెప్పకుండా చదివాను. అక్కడే బీరువా పక్కన నేల మీద కూర్చుండిపోయాను. టీచరమ్మ వచ్చి ఏమైందని అడిగితే, ఉన్నదంతా చెప్పేశాను. ఆమె నా పక్కన వంగి బిళ్ల చూశారు.

“రానట్టు కూర్చోమని నేనే కదూ అన్నాను మిమ్మల్ని” అన్నారు.

బిళ్ల నన్నే ఉంచుకోమన్నారు.

అది పట్టుకుని ఒక ఆదివారం బయలుదేరాను. మారేడ్‌పల్లిలో పాత ఇస్త్రీ బండి చోటు దగ్గర అడిగి అడ్రసు రాసుకున్నాను. నేనే రాసుకున్నాను. బస్సు ముందు నేరేడ్‌మెట్ అన్న అక్షరాలు చదివి, అంకె చూడకుండా ఎక్కాను. అలా ఎక్కిన మొదటి బస్సు అది. కూర్చున్నాక భయమేసి పక్కామెను అడిగాను కూడా.

అపార్ట్‌మెంట్ కింద బండ్లు పెట్టే చోట తండ్రి ఇస్త్రీ బల్ల వేసుకున్నాడు. ఆ పిల్ల ఆ పక్కన చొక్కాలు లెక్కబెట్టి మూట కడుతోంది. పొడుగైంది. ముందు పళ్లు కొత్తవి వచ్చాయి. నన్ను చూసి లేచి, తండ్రికి, మా పాత బడి ఆయమ్మ అని చెప్పింది. నీళ్లు తెచ్చిచ్చింది. నేను కొంగు ముడి విప్పి బిళ్ల చేతిలో పెట్టాను. తిప్పి చూసింది. పిన్నీసు తుప్పు పట్టింది.

“గిది ఫస్ట్ క్లాసోళ్లది గద ఆయమ్మా.”

వెటకారంగా అనలేదు. ఉన్న మాటే చెప్పింది. తను ఇప్పుడు థర్డ్ క్లాసు. నా అరచేయి తెరిచి బిళ్ల మళ్లీ అందులో పెట్టింది. నేను గేటు పక్క గోడ మీద రాసి ఉన్నది పైకి చదివాను. ఇక్కడ బండ్లు నిలపరాదు, ఉల్లంఘించిన వారి బండ్లు తొలగించబడును. ‘ఉల్లంఘించిన’ దగ్గర కాస్త ఆగాను, కానీ చదివాను. ఆమె చివరిదాకా విన్నది.

“అందరి ముంగట చదివినవా?”

“లే బిడ్డా.”

తడినేల మీద నేను తప్పు రాసినప్పటిలాగే, సరేనన్నట్టు తల ఆడించింది. తర్వాత మూట ఎత్తుకుని, మూడో అంతస్తులో ఇచ్చి రావాలని చెప్పి మెట్లెక్కి వెళ్లిపోయింది. కాసేపు ఆగాను. ఆమె దిగి రాకముందే బస్సుకు వచ్చేశాను.

మొన్న తల్లిదండ్రుల రోజున, పిల్లల జతలన్నీ అయ్యాక నేనూ చదువుతానని టీచరమ్మను అడిగాను. కళ్లద్దాలు పెట్టుకుని ఆ మడతల కాగితం విప్పాను. మా ఆయన అక్క ఈసారి ఇంకో మనవరాలి కోసం వచ్చి కూర్చుంది. ఎప్పటిలాగే టీచరమ్మ నా జత ఎవరని అడిగారు.

“నా జత రాలేదు టీచరమ్మా” అన్నాను.

వేలు పెట్టి, ఒక్కో అక్షరం చూస్తూ ఐదు వాక్యాలూ చదివాను. చదివాక, నేను ఐదు చదవలేదు వదినె, ఒకటి చదివిన, అది ఈ గదిలనే చదివిన అని చెప్పాను. ఆమె ఏమంటుందో అని చూశాను.

“కూసోవే” అంది ఆమె. “నీకు రాదని ఎవ్వలకెర్క లేదు? నువ్వు కండ్లద్దాలు ఇంట్ల మర్వని రోజు ఒక్కటుందా?”

గదంతా నవ్వింది. మా గల్లీ వాళ్లు ఒకరినొకరు చూసుకుని మరీ నవ్వారు. వాళ్లకూ తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. ఎవరూ దాన్ని పెద్ద సంగతి అనుకోలేదు. నేనూ నవ్వాను. ఆ అబద్ధాన్ని కాపాడాలనుకున్నది ఆ గదిలో ఇద్దరమే, నేనూ, ఆ ఏడు కొత్త రిబ్బన్లు కట్టుకుని నిలబడ్డ ఆ పిల్లా.

అందరూ వెళ్లాక కుర్చీలు తీసి, గది ఊడ్చి, కాగితాలు తాడు మీద తిరిగి తగిలించాను. మాది చివర మిగిలింది. నా రాత గదికి తిప్పి క్లిప్పు పెట్టబోయాను. తిప్పితే ఆమె రాత గోడ వైపు పోతుంది. కాసేపు కాగితం పట్టుకుని నిలబడి, మునుపటిలాగే పెట్టాను. ఆమె రాత గదికి, నా రాత గోడకు.